పాత నాణెం మీద గుర్తు: టంకశాలలో పడిందా, తర్వాత తగిలిన దెబ్బా? వరుసగా తేల్చుకునే పద్ధతి

"ఈ గీత ఎర్రరేనా?", "గట్టు దగ్గర ఈ ముద్ద ఏంటి?", "అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయి, అరుదైనదా?" పాత నాణేల ఫొటోలతో పాటు వచ్చే ప్రశ్నలు దాదాపు ఇవే. ఎర్రర్ అంటే నాణెం ముద్రించే టంకశాలలోనే జరిగిన పొరపాటు. ఒక్కో ఫొటోకి విడిగా జవాబు చెప్పేకన్నా, ఎవరికి వారే తేల్చుకునే పద్ధతిని మొత్తంగా ఇక్కడ పెడుతున్నాను.

గుర్తుకు పేరు వెతకడంతో మాత్రం మొదలుపెట్టకండి. "ఇది డై క్రాక్" (నాణెం మీద బొమ్మ కొట్టే ఉక్కు అచ్చులో పగులు) అని ఒకసారి అనుకున్నాక కంటికి అదే కనిపిస్తుంది. ముందు అడగాల్సింది వేరే: ఇక్కడ ఉండాల్సిన లోహం ఎటు పోయింది? అదనంగా ఉంటే ఎక్కణ్ణుంచి వచ్చింది? లోహం ఊరికే మాయం కాదు. దెబ్బ తగిలితే పక్కకు జరుగుతుంది, తెగితే బరువు తగ్గుతుంది. ఈ లెక్క సరిపోతే పేరు దానంతటదే తెలుస్తుంది.

ఈ వ్యాసంలో నాణెం చుట్టూ లేచి ఉండే భాగాన్ని గట్టు అంటాను. పక్కనుంచి చూస్తే కనిపించే మందాన్ని అంచు అంటాను. బొమ్మా అక్షరాలూ లేని చదును చోటు ఖాళీ భాగం.

## 1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- 10 రెట్లు పెద్దగా చూపే లూప్. మామూలు భూతద్దం మొదటి చూపుకు పనికొస్తుంది, తీర్పుకు చాలదు.
- మెడ వంచగలిగే ఒక్క టేబుల్ లైటు. గదిలో మిగతా లైట్లు ఆపేయండి.
- గ్రాములో వందో వంతు చూపే డిజిటల్ త్రాసు.
- వ్యాసం, మందం కొలవడానికి కాలిపర్. దాని దవడలు నాణేన్ని గీరకుండా మెల్లగా బిగించాలి.
- కింద పరచడానికి మెత్తటి గుడ్డ.
- అదే రకం నాణెం ఇంకొకటి, లేదా దాని స్పష్టమైన ఫొటో. ఆ రకానికి ఉండాల్సిన బరువు, వ్యాసం కూడా రాసి పెట్టుకోండి.

నాణేన్ని అంచు దగ్గరే పట్టుకోండి, కడగొద్దు. చింతపండు, టూత్‌పేస్ట్, వంట సోడా, వెండి పాలిష్ ఏదీ వద్దు. రుద్దితే ముద్రణ నాటి మెరుపు చెరిగిపోతుంది, మనకు కావలసిన సాక్ష్యం ఆ మెరుపులోనే ఉంది.

## 2. లోహం మీద ఏ పని ఎప్పుడు జరుగుతుంది

యంత్రంతో ముద్రించిన నాణెం వరుస ఇది. లోహపు పట్టీని కావలసిన మందానికి సాగదీస్తారు. అందులోంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు. వేడి చేసి మెత్తబరుస్తారు. చుట్టూ నొక్కి గట్టు లేపుతారు. చివరికి బిళ్లను కాలర్ అనే ఉక్కు కట్టులో ఉంచి, పైన ఒక డై, కింద ఒక డై పెట్టి దెబ్బ కొడతారు. చాలా నాణేల అంచు మీద కనిపించే నిలువు గీతలు ఆ కాలర్ వల్ల పడేవే.

డై మీద బొమ్మ తిరగబడి, లోతుగా ఉంటుంది. అందుకే డైకి గుంట పడితే నాణెం మీద బొడిపె వస్తుంది, డై పగిలితే నాణెం మీద గీత పైకి లేస్తుంది. ఇందులో పొరబడితే తర్వాతి అడుగులన్నీ తప్పుతాయి.

కాబట్టి ఏ గుర్తైనా మూడు కాలాల్లో ఒకదానిది: ముద్రణకు ముందు బిళ్లలో ఉన్న లోపం, ముద్రణ వేళ డై వల్ల గానీ మధ్యలో చిక్కిన వస్తువు వల్ల గానీ వచ్చినది, టంకశాల దాటాక తగిలినది.

## 3. గుర్తు ఎత్తుగా ఉందా, లోతుగా ఉందా

తేలిక అనిపిస్తుంది గానీ ఎక్కువమంది తడబడేది ఇక్కడే. వెలుతురు వచ్చే దిక్కు మారితే లోతుగా ఉన్న గీత ఎత్తుగా కనిపిస్తుంది. ఫొటోల్లో ఈ భ్రమ ఇంకా ఎక్కువ.

1. లైటును ఒక పక్క కిందికి వంచండి. వెలుగు నాణేన్ని ఏటవాలుగా రాసుకుంటూ పోవాలి.
2. గుర్తుకు దగ్గర్లో ఉన్న ఒక అక్షరం చూడండి. అది ఎత్తుగా ఉందని మనకు తెలుసు. దాని నీడ ఏ వైపు పడింది?
3. గుర్తు నీడా అదే వైపు ఉంటే అది ఎత్తు. లైటు వైపు గోడ చీకటిగా, అవతలి గోడ వెలుగుతూ ఉంటే అది లోతు.
4. నాణేన్ని పావు వంతు తిప్పి మళ్లీ చూడండి. నాలుగు దిక్కులా ఒకే జవాబు వస్తేనే నమ్మండి.

గోటితోనో సూదితోనో తడిమి చూడొద్దు. సూది మొన కొత్త గీత పెడుతుంది.

## 4. ఎత్తుగా ఉంటే

ఎత్తుగా ఉన్న గుర్తుల్లో ఎక్కువ భాగం డై నుంచి వచ్చినవే. అయినా ఒక్కొక్కటీ సరిచూడాలి.

డై పగులు. సన్నటి గీత, కొద్దిగా వంకరగా నడుస్తుంది. సాధారణంగా గట్టు నుంచో అక్షరం మూల నుంచో బయలుదేరుతుంది. ఖాళీ భాగంలోంచి బొమ్మలోకి తెగకుండా సాగుతుంది. చుట్టూ ఉన్న మెరుపే దాని మీదా ఉంటుంది.

గట్టును అంటుకున్న ముద్ద. డై అంచు విరిగి పడిపోతే ఆ ఖాళీలోకి లోహం ఎక్కి, బొమ్మా అక్షరాలూ లేని ముద్ద ఏర్పడుతుంది. సేకర్తలు దీన్ని కడ్ అంటారు. రుజువు వెనుక వైపు ఉంటుంది: సరిగ్గా ఆ చోటే వెనుక బొమ్మ బలహీనంగా పడాలి, ఎందుకంటే అక్కడి లోహం ముందు వైపు ఖాళీని నింపడానికి వెళ్లిపోయింది. వెనుక బొమ్మ నిండుగా ఉంటే ఆ ముద్ద టంకమో, కరిగి అంటుకున్న వేరే లోహమో అయి ఉండొచ్చు.

డై పాలిష్ గీతలు. జుట్టులా సన్నగా, గుంపుగా, ఎత్తుగా ఉంటాయి. డైని రుద్దినప్పుడు తగిలేది దాని చదును భాగం, అంటే నాణెం మీద ఖాళీ భాగం. అందుకే ఈ గీతలు అక్షరం దగ్గరికి వచ్చి ఆగిపోతాయి, దాని మీదికి ఎక్కవు. నాణేన్ని గుడ్డతోనో పొడితోనో తోమిన గీతలు లోతుగా ఉంటాయి, ఖాళీ భాగాన్నీ బొమ్మనీ కలిపి గీరేస్తాయి. తోమిన నాణేన్ని పట్టుకోవడానికి ఇంతకు మించిన పరీక్ష లేదని నా అభిప్రాయం.

ఎదుటి బొమ్మ నీడలు. మధ్యలో బిళ్ల లేకుండా రెండు డైలు ఢీకొంటే ఒకదాని రూపురేఖలు ఇంకోదాని మీద పడతాయి. తల చుట్టూ ఉన్న ఖాళీలో అర్థం కాని వంపు కనిపిస్తే, వెనుక వైపు బొమ్మను తిరగేసి పోల్చండి. రేఖలు కలిస్తే అది డైల ఢీ.

పూత కింద బుడగ. పూత వేసిన నాణేల్లో గాలి చిక్కి బొడిపెలు లేస్తాయి. వీటిని డై ముక్క ఊడిన గుర్తులుగా పొరబడతారు. పుల్ల మొనతో మెల్లగా నొక్కితే బుడగ లోపలికి దిగుతుంది. డై బొడిపె కదలదు. విలువైన నాణెం మీద ఈ పరీక్ష చేయొద్దు.

## 5. లోతుగా ఉంటే

ఇక్కడ ఓపిక కావాలి. లోతు గుర్తుల్లో చాలావరకు దెబ్బలే. కొన్ని మాత్రం టంకశాలలో పడినవి, అవి తప్పిపోతే మంచి నాణెం చేజారుతుంది.

గీత. గట్టి మొన లోహాన్ని దున్నుకుంటూ పోతే, నాగలి చాలుకు రెండు పక్కలా మట్టి లేచినట్టు, గీతకు అటూ ఇటూ సన్నటి ఒడ్డు లేస్తుంది. లూప్‌లో ఆ ఒడ్డు కనబడితే అది దాదాపు ఎప్పుడూ ముద్రణ తర్వాతదే. గీత అడుగు మెరుస్తూ, చుట్టూ లోహం మసకబారి ఉంటే ఈమధ్య పడింది. అడుగు కూడా మసకబారి ఉంటే పాత దెబ్బ. నాణెం బాగా చేతులు మారితే ఒడ్డు అరిగిపోతుంది కాబట్టి, ఒడ్డు లేనంత మాత్రాన టంకశాలదని అనుకోవద్దు.

నాణేలు ఒకదానికొకటి తగిలిన గాట్లు. సంచుల్లో పోసినప్పుడు పడతాయి. మెరుపు ఆ చోట ఠక్కున తెగుతుంది. చిన్న గాట్లు సమాన దూరంలో వరుసగా ఉంటే, ఇంకో నాణెం అంచు మీది నిలువు గీతలు గుద్దుకున్నాయన్నమాట. ఈ క్రమం చూసి ఏదో రహస్య గుర్తు అనుకుంటారు గానీ కాదు.

మధ్యలో చిక్కిన వస్తువు అచ్చు. డైకీ బిళ్లకీ మధ్య దారమో, గుడ్డ పీలికో, లోహపు రజనో, జిడ్డో చిక్కితే దాని ఆకారం లోతుగా పడుతుంది. దారం గాడి అడుగు గుండ్రంగా, వెడల్పు మొదటినుంచీ చివరిదాకా ఒకేలా ఉంటుంది, ఒడ్డు ఉండదు. గుడ్డ అయితే నేత కనిపిస్తుంది. జిడ్డు అయితే బొమ్మ మెత్తగా మసకగా పడుతుంది. వీటన్నిటిలో గుంట అడుగు కూడా డై ఒత్తిడికి నలిగినదే కాబట్టి దెబ్బ తిన్న లోహంలా చిరిగినట్టు ఉండదు. లోహం పోలేదు కాబట్టి బరువు సరిపోతుంది.

ఆకురాయి గీతలు. యూరప్, అమెరికా టంకశాలల్లో ముద్రించిన 18వ శతాబ్దపు, 19వ శతాబ్దం మొదటి నాళ్ల వెండి, బంగారు నాణేలు చూసేవాళ్లు దీన్ని తప్పక గుర్తుపెట్టుకోవాలి. బిళ్ల బరువు ఎక్కువైతే టంకశాలలోనే ఆకురాయితో గీకి సరిచేసేవారు, ఆ తర్వాతే ముద్రించేవారు. అందుకే గీతలు సమాంతరంగా, లోతుగా ఉన్నా బొమ్మ కింద ఉన్నట్టు కనిపిస్తాయి. ఒత్తిడి తక్కువ పడిన చోట, గట్టు దగ్గరా బొమ్మ ఎత్తైన చోటా, మిగిలిపోతాయి. ఒత్తిడి బాగా పడిన చోట నలిగి మాయమవుతాయి. తర్వాత గీకిన గీతలు ఇలా ఆగి ఆగి కనిపించవు, బొమ్మ వివరాలను పైనుంచి కోసేస్తాయి.

పొర లేవడం. మిశ్రమంలో మలినం ఉంటే పట్టీ సాగే దిశలో పొర లేస్తుంది, కొన్నిసార్లు ఊడిపోతుంది. ఊడిన చోట అడుగు గరుగ్గా, నారలా ఒకే దిశలో చారలతో ఉంటుంది. ముద్రణ తర్వాత ఊడితే ఆ చోట బొమ్మ లీలగా మిగలొచ్చు. పనిముట్టుతో చెక్కిన గుంటలో ఈ చారలుండవు, ఒక పక్క లోహం కుప్ప పడుతుంది.

తుప్పు, చిలుము తిన్న గుంటలు. ఆకారం, లోతు, దూరం ఏవీ ఒకేలా ఉండవు, ఒక్క చోటే ఆగవు. నాణెం నిండా గుండ్రటి చిన్న గుంటలూ, అంచు చుట్టూ అతుకు గీతా కనిపిస్తే అది పోత పోసిన నకిలీ కావచ్చు.

## 6. అంచు, గట్టు

ఈ ఒక్క చోటు చూడక చాలామంది మోసపోతారు. నాణేన్ని నిలబెట్టి చుట్టూ తిప్పి చూడండి.

అర్ధచంద్రంలా ముక్క పోయిన నాణెం అయితే, పట్టీ నుంచి కోసేటప్పుడు కోతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయేమో చూడాలి. నిజమైన కోతలో గట్టు ఆ ముక్క దగ్గరికి వస్తూ క్రమంగా సన్నబడుతుంది, అక్కడి అక్షరాలు కోత వైపు సాగినట్టు ఉంటాయి. ముక్క పోయిన చోటుకు సరిగ్గా ఎదురుగా, అవతలి వైపు గట్టు కూడా బలహీనంగా పడుతుంది. దీన్ని బ్లేక్‌స్లీ ఎఫెక్ట్ అంటారు. ఇది అన్ని నాణేల మీదా కనిపించదు, కనిపిస్తే మాత్రం గట్టి సాక్ష్యం. కత్తెరతో కోసిన నాణెంలో గట్టు నిండుగా వచ్చి ఠక్కున తెగుతుంది, అక్షరం నిలువునా కోసుకుపోతుంది.

వ్యాసం ఎక్కువగా ఉండి, గట్టూ అంచు గీతలూ లేకపోతే కాలర్ లేకుండా ముద్రించినదేమో చూడాలి. అప్పుడు బొమ్మ స్పష్టంగా ఉంటుంది, అంచు దగ్గరి అక్షరాలు బయటికి పరుచుకుంటాయి. సుత్తితో సాగగొట్టిన నాణెంలో బొమ్మ కూడా చదునవుతుంది. వ్యాసం తగ్గి, గట్టు లావెక్కి లోపలికి ముడుచుకుంటే అంచును పదేపదే కొట్టారన్నమాట.

అంచు మీద ఒక్క చోట మాత్రం రంగు తేడా, నున్నగా గీకిన జాగా కనబడితే అక్కడ కొక్కెం అతికించి తర్వాత తీసేసి ఉంటారు.

## 7. రెండుగా పడిన అక్షరాలు, మాయమైన అక్షరాలు

డై తయారీలోనే బొమ్మ రెండుసార్లు, కాస్త పక్కకు పడితే ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా ఆ జంట వస్తుంది. 1955 అమెరికా లింకన్ సెంట్లలో ఒక రకం ఇందుకు పేరున్న ఉదాహరణ. దాని మీద తేదీ, అక్షరాలు మామూలు కంటికే రెండుగా కనిపిస్తాయి. ఇలాంటి వాటిలో రెండు అక్షరాలూ గుండ్రంగా నిండుగా ఉంటాయి, మూలల్లో చీలిక కనిపిస్తుంది, మొత్తంగా అక్షరం లావవుతుంది.

ముద్రణ దెబ్బ పడ్డాక డై వదులై జారితే వచ్చేది వేరు. రెండో అక్షరం మెట్టులా చదునుగా, తక్కువ ఎత్తులో మెరుస్తూ ఉంటుంది, అసలు అక్షరం వెడల్పు తగ్గుతుంది. దీన్ని మెషీన్ డబ్లింగ్ అంటారు. టంకశాలలోనే జరిగినా ప్రత్యేక విలువ ఇవ్వరు. "రెండు అక్షరాలు" అంటూ వచ్చే ఫొటోల్లో తరచూ కనబడేది ఇదే.

అక్షరం లేకపోతే రెండు కారణాలు చూడండి. డైలో జిడ్డు నిండితే ఆ చోటు మెత్తగా ఉండి, చుట్టూ ఉన్న మెరుపే కొనసాగుతుంది. చెరిపేస్తే సన్నటి గీతలు, కొద్దిపాటి పల్లం, వేరే మెరుపు ఉంటాయి. అమెరికాలోని డెన్వర్‌లో ముద్రించిన 1937 బఫెలో నికెల్ (అడవిదున్న బొమ్మ ఉన్న ఐదు సెంట్ల నాణెం)లో ఒక రకానికి దున్న ముందు కాలు ఒకటి ఉండదు, డైని అతిగా రుద్దడం వల్ల అలా జరిగింది. మామూలు నాణెం మీద కాలు గీకేసి దీన్నే నకిలీ చేస్తారు. అసలు దాని మీద పొట్ట కింద నుంచి నేల వైపు చిన్న బొడిపెల వరుస ఉంటుంది. గీకేవాడు లోహం తీయగలడు గానీ బొడిపెలు లేపలేడు.

## 8. టంకశాల చిహ్నాలు, చుక్కలు, ముద్రలు

భారత నాణేల మీద తేదీ కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రాకారం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా. కోల్‌కతాకు గుర్తు ఉండదు. అందుకే "గుర్తు లేదు" అనే ముందు ఆ చోట గీకిన జాడ వెతకాలి.

1862 తేదీతో వచ్చిన విక్టోరియా రూపాయిలను తేదీ మార్చకుండానే ఏళ్ల తరబడి ముద్రించారు. వెనుక వైపు చుక్కలను బట్టి వాటిలో రకాలు వేరుచేస్తారు. అసలు చుక్క గుండ్రంగా, ఎత్తుగా, ఆ రకానికి చెప్పిన చోటే ఉంటుంది. దెబ్బకు లేచిన బొడిపె పక్కన గుంట కూడా ఉంటుంది.

నకిలీ కోసం తర్వాత అతికించిన అక్షరానికో చిహ్నానికో అడుగున చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. లూప్‌ను ఏటవాలుగా పట్టి వెతకండి.

వర్తకులు లోహం పరీక్షించి కొట్టిన ముద్రలు ఇంకో జాతి. చైనా వర్తకంలో తిరిగిన స్పానిష్ వెండి డాలర్ల మీద ఇవి విరివిగా ఉంటాయి. టంకశాల దాటాక పడినవే అయినా చరిత్రలో భాగం, ఇష్టంగా సేకరించేవాళ్లున్నారు. "దెబ్బ" అని కొట్టిపారేయకుండా వేరుగా రాసుకోండి.

## 9. చేత్తో కొట్టిన నాణేలకు లెక్క వేరు

సుత్తితో ముద్రించిన పాత నాణేలకు కాలర్ లేదు. బొమ్మ పక్కకు జరగడం, అంచు చీలడం, ఆకారం వంకర పోవడం వాటిలో మామూలే, ఎర్రర్లు కావు. అంచు చీలిక ముద్రణ వేళ పడిందైతే లోపలి గోడ కూడా నాణెం రంగులోనే ఉంటుంది. కొత్తగా విరిగితే లోపల తాజా లోహం మెరుస్తుంది.

## 10. ఒక గీతను వరుసగా చూద్దాం

పాత వెండి నాణెం. పాలకుడి చెంప మీద మొదలై, గడ్డం దాటి ఖాళీ భాగంలోకి పోయిన గీత.

లైటు ఎడమ నుంచి వేస్తే అక్షరాల నీడ కుడి వైపు పడింది. గీతలో ఎడమ గోడ చీకటిగా ఉంది, కాబట్టి లోతు. లూప్‌లో గడ్డం వెంట్రుకలు గీత దగ్గర తెగి, అవతల మళ్లీ మొదలవుతున్నాయి. ఖాళీ భాగంలో ఒక పక్క సన్నటి ఒడ్డు ఉంది. అడుగు బూడిద రంగులో, చుట్టూ ఉన్న వెండిలాగే ఉంది. బరువు సరిగ్గా ఉంది.

తీర్పు: ముద్రణ తర్వాత పడిన పాత గీత. బరువు సరిపోవడం ఇక్కడ టంకశాలకు సాక్ష్యం కాదు, లోహం తెగలేదు, పక్కకు జరిగింది.

ఇదే గీతకు ఒడ్డు లేకుండా, వెంట్రుకలు దాని మీదుగా తెగకుండా నడుస్తూ, గట్టు దగ్గర దానికి తోడు సమాంతర గీతలు ఉండి ఉంటే ఆకురాయి గీత అని రాసేవాళ్లం.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

- ఫొటో చూసి తీర్పు చెప్పడం. వేర్వేరు దిక్కుల వెలుతురులో కనీసం మూడు ఫొటోలు తీయండి.
- మరీ ఎక్కువ రెట్లు పెద్దది చేయడం. మైక్రోస్కోప్‌లో ప్రతి గాటూ అద్భుతంలా ఉంటుంది. 10 రెట్లతో తేల్చుకోండి.
- రెండో వైపు చూడకపోవడం. ముందు వైపు ఏం కనబడినా, సరిగ్గా దాని వెనుక భాగం చూశాకే మాట్లాడండి.
- తిరగబడిన బొమ్మ లోతుగా ఉంటే వెంటనే బ్రోకేజ్ అనుకోవడం. డైకి అతుక్కున్న నాణెం తర్వాతి బిళ్ల మీద అచ్చు వేస్తే అది బ్రోకేజ్: ఒకే బొమ్మ ఒక వైపు మామూలుగా, రెండో వైపు తిరగబడి పడుతుంది. రెండు నాణేలను బిగింపులో నొక్కితే పాత బొమ్మ నలిగి అడుగున ఉండిపోతుంది. ఆ అవశేషం కోసం వెతకండి.
- ఒక్క సాక్ష్యంతో ఆగిపోవడం. ఎత్తు లోతు, మెరుపు, వెనుక వైపు, బరువు, వీటిలో మూడైనా ఒకే మాట చెప్పాలి.

## 12. తేలకపోతే

డై వల్ల పడిన గుర్తు అదే డైతో కొట్టిన మిగతా నాణేల మీదా ఉండాలి. దెబ్బ సరిగ్గా అదే చోట, అదే ఆకారంలో రెండో నాణెం మీద పడదు. కాబట్టి అదే తేదీ, అదే టంకశాల నాణేలు వెతికి పోల్చండి. పగులు కాలంతో పాటు పొడవు పెరుగుతుంది కాబట్టి ఒకదాని మీద చిన్నగా, ఇంకోదాని మీద పెద్దగా కనిపించినా సరిపోయినట్టే.

అప్పటికీ తేలకపోతే అనుభవజ్ఞులకు చూపించండి. పంపేటప్పుడు ఇవి ఉండాలి:

- రెండు వైపుల పూర్తి ఫొటోలు, అంచు ఫొటో
- గుర్తు దగ్గరి ఫొటో, లైటు ఏ దిక్కున ఉందో రాసి
- గ్రాముల్లో బరువు, మిల్లీమీటర్లలో వ్యాసం, మందం
- గుర్తు ఎత్తా లోతా అన్న మీ పరిశీలన

మీరు అనుకుంటున్న పేరు మాత్రం రాయకండి. పేరు ముందే చెబితే చూసేవాళ్లూ దాని కోసమే చూస్తారు. జవాబు వచ్చేదాకా నాణేన్ని పీవీసీ లేని కవరులో పెట్టి, "తేలలేదు" అని తేదీతో రాసి ఉంచండి.